పీటల మీద నుంచి లేచి వస్తానన్న పైలట్

నాకు పెళ్లి తప్పిపోయిన కథ ఒకటుంది, ఉద్యోగం ఊడబోయిన కథ ఒకటుంది. రెండిటికీ కారణం నా నోరే. ముందు పెళ్లి సంగతి చెబుతాను, ఉద్యోగం సంగతి దాని వెనకాలే వస్తుంది.

మా పామర్రులో నలుగురు రైతులు కలిసి కోత మిషన్ కొన్నట్టు, డబ్బున్నవాళ్లు కొందరు వాటాలు వేసుకుని చిన్న విమానం కొంటారు. దాన్ని నడిపిపెట్టే కంపెనీలో నేను కొత్త కో-పైలట్‌ని. ఎయిర్ హోస్టెస్ ఉండదు. సామాన్లు ఎక్కించేదీ, కాఫీ ఇచ్చేదీ నేనే. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. కంపెనీవాళ్లు ప్యాసింజర్ వేషంలో మనిషిని పంపి కొత్తవాళ్లను పరీక్షిస్తారని మా కెప్టెన్ మేడమ్ చెప్పిన రోజు నుంచి, ఎక్కినవాళ్లంతా నాకు గూఢచారులే. ఒకాయన తుమ్మితే అది కూడా సంకేతమేమో అనుకున్నాను.

ఒక చలికాలం ఉదయం గన్నవరంలో పొగమంచు పట్టి, సూరత్ వెళ్లాల్సిన మా విమానం కదల్లేదు. లోపల ఒక్కరే ప్యాసింజర్, విజయవాడ వన్ టౌన్‌లో బట్టల వ్యాపారి. వాటాదారు కాదు, వాటాదారుకి స్నేహితుడట. నా అనుమానం అక్కడే మొదలైంది. ఆయన కాఫీ అందుకుంటూ నన్ను చీర అంచు చూసినట్టు పరీక్షగా చూశారు. మీది ఏ ఊరు, కళ్లజోడు ఎప్పటినుంచి, మందు అలవాటుందా అని వరసపెట్టి అడిగారు. పైగా మెసేజ్ చూసుకుంటున్నట్టు నటిస్తూ నా ఫొటో తీశారు. ఇంకేం కావాలండీ, దొంగ దొరికిపోయాడనుకున్నాను.

"నెలలో ఎన్నాళ్లు ఇంటిపట్టున ఉంటారు బాబూ?" అన్నారు.

"ఇల్లెందుకండీ, నాకు విమానమే ఇల్లు."

"మరి పండగలకో?"

"పండగ డ్యూటీలు నేనే అడిగి వేయించుకుంటానండీ."

ఆయన కప్పు కింద పెట్టారు. "రేపు పెళ్లవుద్ది. అప్పుడేం చేస్తారు?"

మార్కులన్నీ కొట్టేద్దామని నిటారుగా నిలబడ్డాను. "కంపెనీ ఫోన్ చేస్తే పీటల మీద నుంచైనా లేచి వచ్చేస్తానండీ."

సూరత్‌లో దిగేటప్పుడు ఆయన నన్ను ఇంకోసారి ఎగాదిగా చూసి వెళ్లారు. మురిసిపోయారనుకున్నాను.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. ఆయన, అమ్మ నాకు చూస్తున్న సంబంధంలో అమ్మాయి తండ్రి. అబ్బాయిని చెప్పకుండా చూడాలని స్నేహితుడి వాటాలో ఎక్కారట. ఆ సంబంధం గురించి అమ్మ ముందే చెప్పిన వివరాలేవీ నేను చెవిన పెట్టలేదు. అమ్మాయి ఫొటో మాత్రం రోజూ చూసుకునేవాణ్ణి.

"కుర్రాడు బంగారం గానీ, పీటల మీద నుంచి లేచిపోతాడంట అన్నార్రా. అసలేం వాగావు?" అంది అమ్మ. చాలా బాధేసింది. అన్నం సహించలేదు.

దాంతో బుద్ధి వచ్చింది. తర్వాతి వారం చెన్నై విమానంలో ఒక పెద్దమనిషి మీది ఏ ఊరని అడగగానే, ఈయనకీ పెళ్లీడు కూతురుందని పసిగట్టేశాను. ఈసారి తప్పు చెయ్యదలచుకోలేదు. వినయంగా ఒదిగి నిలబడి, "నాకు ఇల్లే ముఖ్యమండీ. పొద్దుగూకితే విమానం మొహం చూడను. ఆదివారం కంపెనీ ఫోన్ ఎత్తను. ఇంట్లోవాళ్లు వద్దంటే ఉద్యోగమే మానేస్తాను" అన్నాను.

ఆయన చిరునవ్వుతో అంతా విన్నారు. దిగేటప్పుడు జేబులోంచి మా కంపెనీ ఐడీ కార్డు తీసి చూపించారు.

నా పర్మనెంట్ సంగతి ఇంకో ఏడాది వెనక్కి పోయింది. అందుకే మా కెప్టెన్ మేడమ్ ఎదుట ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ప్యాసింజర్ ఏమడిగినా నాది ఒకటే జవాబు. రేపు మీరు మా విమానం ఎక్కి, ప్రేమగా మీది ఏ ఊరు బాబూ అన్నా సరే, ఏమీ అనుకోకండి, "బెల్టు పెట్టుకోండి" అనే అంటాను.