గడ్డిది తప్పు కాదన్న డిఫెండర్

మొన్న శుక్రవారం పొద్దున నేను గ్రౌండ్‌లో గడ్డికి నీళ్లు పెడుతుంటే, మా క్లబ్బు బస్సు నడిపే కడప భాయి ఫోన్ చేశాడు. "అన్నా, మన కెప్టెన్ పోయినాడంట. చైనాలోనే, వాళ్ల ఊర్లో. గుండె ఆగిపోయిందంట."

"ఏమంటున్నవ్ భాయ్! మొన్ననే గదా ఫోటో పంపిండు" అన్నాను. పోయి గడ్డికి పెట్టిన నీళ్లు ఆపేశాను.

ఒమన్‌లో ఆటగాళ్లందరినీ కెప్టెన్ అనే పిలుస్తారు. మాకు మాత్రం కెప్టెన్ అంటే ఆ ఒక్క మనిషే. సహం అనే ఊరు దాటాక ఉన్న మా చిన్న క్లబ్బుకు డిఫెండర్‌గా వచ్చేనాటికి ఆయనకు ముప్పై ఐదేళ్లు. చైనాలో చిన్నప్పుడే ఇల్లు విడిచి ఫుట్‌బాల్ బడిలో చేరారట. మొదట గోల్స్ కొట్టే జాగాలో ఆడేవారు. పొడుగు పెరిగారని కోచ్ వెనక డిఫెండర్ల వరుసలోకి మారిస్తే వారం రోజులు ఏడ్చారట. తర్వాత అదే బతుకైంది. పెద్ద లీగుకు ఎక్కారు, మోకాలు చెడి చిన్న లీగుకు దిగారు, రెండు ఆపరేషన్ల తర్వాత మళ్లీ ఎక్కారు. ఇదంతా ఇక్కడ మా దగ్గర నేర్చుకున్న వచ్చీరాని హిందీలో, చేతులతో గాల్లో బొమ్మలు గీస్తూ చెప్పేవారు. "మీరు కొట్టిన గోల్స్ ఎన్ని?" అని అడిగితే ఒక వేలు చూపించి, "అది కూడా బంతే వచ్చి నా తలకు తగిలింది" అని నవ్వేవారు.

అందరికంటే ముందు గ్రౌండ్‌కు వచ్చేవారు. అంత ఎండలోనూ ఫ్లాస్కులో వేడినీళ్లే తాగేవారు. బూట్లు విప్పి గడ్డి మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, "సదీఖ్, గడ్డి బాగుంది" అని నా భుజం తట్టేవారు. సదీఖ్ అంటే ఇక్కడ స్నేహితుడని. ఎన్నేళ్లుగానో గడ్డి పెంచుతున్నాను. అది బాగుందని చెప్పిన ఆటగాడు ఆయనొక్కరే.

ఒక మ్యాచ్ ముగియబోతుండగా, ఆయన వైపు మెల్లగా దొర్లుకొస్తున్న బంతి మా గోల్ ముందర ఎగిరి ఆయన కాలు దాటిపోయింది. అవతలివాడు గోల్ కొట్టేశాడు. ఓడిపోయాం. అది ఎందుకు ఎగిరిందో నాకు తెలుసు. అక్కడ నేల కింద పైపు కారి గుంత పడింది. మ్యాచ్ అయ్యాక చూద్దాంలే అని పైపైన ఇసుక పోసి వదిలేశాను.

మర్నాడు మేనేజర్ మా ఇద్దర్నీ పిలిచారు. "అక్కడ గ్రౌండ్ పాడైందా?" అని నన్ను అడిగారు. పని పోతుందన్న భయంతో నేల చూశాను. నేను తేరుకునేలోపే కెప్టెన్, "గ్రౌండ్ బాగుంది. నా కాలే లేటైంది" అన్నారు. వయసైపోయిందని ఆయన్ను టీం నుంచి పక్కన పెట్టారు.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నాలుగోనాడు ఆయన రూమ్‌కు పోయి, "కెప్టెన్, గుంత ఉన్నట్టు నాకు ముందే తెలుసు" అని చెప్పేశాను.

"నాకూ తెలుసు" అన్నారాయన. "మ్యాచ్ రోజు పొద్దున నడిచినప్పుడు కాలికి తగిలింది. తెలిసి కూడా బంతిని అక్కడిదాకా రానిచ్చాను. డిఫెండర్ ముందుకు పోయి తీసుకోవాలి. గడ్డిది తప్పు కాదు."

పార ఎక్కడుందని అడిగారు. ఇద్దరం కలిసి తవ్వి ఆ పైపు మార్చాం. ఆ సాయంత్రమే నేను మేనేజర్‌కు నిజం చెప్పాను. కేకలేశారు గానీ పనిలోంచి తీసేయలేదు. తర్వాతి మ్యాచ్‌కు కెప్టెన్ మళ్లీ దిగారు. సీజన్ చివరి ఆట ఓడితే మేం కింది లీగుకు పోతాం. ఆ రోజు ఆయన ఉన్న వైపు నుంచి ఒక్కరూ లోపలికి రాలేకపోయారు. మేం లీగులో నిలిచాం. ఆ మోకాళ్లతో అంతసేపు ఎలా పరిగెత్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకో రెండేళ్లు ఆడి మానేశారు. వెళ్లేనాడు నేనూ భాయీ మస్కట్ ఎయిర్‌పోర్ట్ దాకా పోయాం. లోపలికి వెళ్తూ ఆయన మాకు వీపు చూపలేదు. ఒక చేత్తో పెట్టె లాగుతూ, మా వైపే చూస్తూ, ఆటలో బంతి మీంచి చూపు తీయకుండా నడిచినట్టే వెనక్కి వెనక్కి నడిచారు. చుట్టూ అంతమంది జనం. ఎవరికీ తగల్లేదు. అద్దాల తలుపు మూసుకునేదాకా ఆయన ముఖం మాకు కనబడుతూనే ఉంది.