అప్పలస్వామి ప్రీమియం పాట

మా ముంచింగిపుట్టు అప్పలస్వామి ఫిర్యాదు చేయాలంటే కాగితం పనికిరాదు, గిటారు కావాలి. కుళాయిలో నీళ్లు రాకపోతే పాట, బస్సు రాకపోతే పాట. అదీ మామూలు పాట కాదు, రాక్. మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టు ఆయనదే కాబట్టి సౌండుకి లోటు లేదు. గొంతుకే లోటు. ఆయన పాట ఎత్తుకుంటే సంతలో కోళ్లు తాళ్లు తెంపుకునేవి.

"అర్జీ రాసిస్తాను, సంతకం పెట్టరాదా?" అని బడిపంతుల్ని గనక నేను అడిగేవాణ్ణి.

"మీ అర్జీ ఫైల్లో తొంగుంటాది మాస్టారూ. నా పాట ఎవుణ్ణీ తొంగోనివ్వదు!"

రెండువేల మూడులో చిన్న కొట్ల ఇన్సూరెన్సు ప్రీమియం ఒక్కసారిగా రెట్టింపైంది. "ఇంత కట్టలేను, ఈ సంత దాటాక కొట్టు మూసేత్తాను" అంది టైలరు రత్నాలు. కొట్టునిండా ఊళ్లోవాళ్ల బట్టలాయె, పాలసీ లేకుండా ఉండే ధైర్యం లేదు. మర్నాటికల్లా పాట తయారు.

సంతరోజు ఇన్సూరెన్సు ఆఫీసరు గణపతిరావుగారు వసూలుకొచ్చి, ఎప్పట్లాగే టీ కొట్టు దగ్గరే బల్ల వేసుకున్నారు. అంతకుమించి ఒక్క అడుగు కొట్ల సందులోకి వేసింది ఏనాడూ లేదు. అప్పలస్వామి ఆయన ఎదురుగా నాలుగు స్పీకర్లు నిలబెట్టాడు.

"కొట్టు కాల్తే కాసులిత్తావు,
కట్టి కట్టి నే కాల్తే ఏటిత్తావు? యే! యే!"

గణపతిరావుగారు చెవులు మూసుకున్నారు. డోలు సోమన్నకి మాత్రం ఆ దరువు తెగ నచ్చింది. డోలు మోగితే మా ఆడవాళ్లు ఊరుకుంటారా? బేరాలు వదిలేసి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా మొదలెట్టారు. థింసా ఆడుతుంటే ఎదురుగా కూర్చున్నవాణ్ణి అలా వదిలేయడం మర్యాద కాదు. ఇద్దరు అవ్వలు ఆఫీసరుగారిని చెరో రెక్కా పట్టుకుని లైన్లో కలిపేశారు.

"అమ్మా, నేను డ్యూటీలో ఉన్నాను!"

"ఎగురు బాబూ, బేగి! ఎడం కాలు ముందు!"

లైను ముందు గిటారుతో అప్పలస్వామి. వైరు ఎప్పుడో ఊడిపోయింది, ఊరికి ప్రాణం లేచొచ్చింది. సంత చుట్టూ తిరగాల్సిన లైనుని ఆయన తిన్నగా వెనక సందులోకి లాక్కెళ్లి, రత్నాలు కొట్టు ముందు టక్కున ఆపాడు.

"పైకి సూడండి బాబూ!"

గణపతిరావుగారు రొప్పుతూ చూశారు. "ఇవి రేకులు కదా?"

"ఏసి మూడేళ్లయింది బాబూ" అంది రత్నాలు.

"మా పుస్తకంలో గడ్డికప్పు అని ఉందే! రేటు పెరిగింది గడ్డికప్పుకి. రేకులకి పాతదే!"

రత్నాలు రసీదులో గడ్డికప్పు అని ఉండటం అప్పలస్వామి ముందే చూసి పెట్టుకున్నాడన్నమాట. సందులో పద్నాలుగు కొట్లకీ అదే తప్పు. ఆఫీసరుగారు కుట్టు మిషను మీదే పుస్తకం పెట్టి అన్నీ దిద్దారు. రత్నాలు ఏడవబోయి నవ్వేసింది. ఇన్నాళ్లూ అప్పలస్వామిని గోల మనిషనుకున్నాను గానీ, నాకు ఆయన్ని గట్టిగా కావలించుకోవాలనిపించింది.

"నీ కొట్టుదీ దిద్దుతాను, పాలసీ నంబరు చెప్పవయ్యా" అన్నారు గణపతిరావుగారు.

"నాకు పాలసీ ఏటి బాబూ?" అన్నాడు అప్పలస్వామి. "నా కొట్టు కాల్తే గిటారు పోద్ది. ఊరు పండగ సేసుకుంటాది!"