నా పేరున్న పాటగాడు

తొండియార్‌పేటలో మా వీధిలోనే నా పేరున్న పాటగాడు ఒకడు ఉండేవాడు. అతను రేడియోలో పాడేవాడు. నేను బొమ్మలు వేసేవాణ్ణి. ఎవరైనా పొరబడి నా బొమ్మలకు అతణ్ణి మెచ్చుకుంటే చాలు, వెంటనే చెవులు పట్టుకునేవాడు.

"అయ్యో, నేను గాదు సామీ! ఆ పెద్దాయన ఆడ ఉండాడు, రాండి" అంటూ వాళ్లను మా గుమ్మం దాకా తీసుకొచ్చేవాడు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకసారి ఇద్దరం టి. నగర్‌లో చీరలు కొనడానికి వెళ్లాం. బిల్లు దగ్గర నా పేరు పిలవగానే పక్కనున్న ఆవిడ, "రేడియోలో పాడేది మీరేనా? మా అమ్మకు మీ పాటంటే ప్రాణం" అంది. నేను సిగ్గులేకుండా తలూపాను.

అతను చెవులు పట్టుకోలేదు. "శానా బాగా పాడతాడమ్మా ఈయన" అన్నాడు.

దుర్మార్గుడు, అబద్ధం కూడా నాకంటే అందంగా ఆడాడు.