బస్సెక్కిన కుర్చీ

మొన్న ఒక ఉదయం నంద్యాలలో మా వీధి చివరి టీ బంకు దగ్గర రిటైరైన వాళ్ళం నలుగురం కూర్చొని ఉండగా, పేపరు చదివే మిత్రుడొకాయన ఒక వ్యాసాన్ని బిగ్గరగా చదివి వినిపించాడు. పట్టణాన్నీ చుట్టుపక్కల ఊళ్ళనూ కలిపి ప్రాంతానికొక అధికార సంస్థను పెట్టాలనీ, పై వాళ్ళ చేతుల్లో ఉన్న అధికారాలను దానికి దించాలనీ, దాని మేయరును సభ్యులు కాకుండా జనమే నేరుగా ఓటేసి ఎన్నుకోవాలనీ దాని సారాంశం. బాగుంటుందని ఒకరు, ఎవరొచ్చినా ఇంతేనని ఒకరు వాదించుకొని, చివరికి ఆఫీసుల్లో ముప్పై ఏళ్ళు నలిగినవాణ్ణని నన్ను తీర్పు అడిగారు. నా కళ్ళ ముందు మాత్రం ఒక పచ్చ బస్సు టాపు మీద తాళ్ళతో కట్టిన పెద్ద టేకు కుర్చీ ఊగుతూ పోయింది. ఆ కుర్చీ సంగతి మన ఈడు వాళ్ళకు చెబితేనే అర్థమవుతుందనిపించి రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో నంద్యాల ఆళ్ళగడ్డ దారిలో ఉన్న ఒక పంచాయతీ సమితి ఆఫీసులో నేను గుమాస్తాగా చేరాను. ఆ సమితి పేరు చెప్పను, చెబితే గుర్తుపట్టి బాధపడేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ రోజుల్లో బడికి పెంకులు కావాలన్నా, ఊరికి బోరింగు కావాలన్నా సమితికే రావాలి. వచ్చిన వాళ్ళు ప్రెసిడెంటు గారి గదిలో ఆ కుర్చీ ముందు నిలబడాలి. పాతకాలపు టేకుతో చేసిన కుర్చీ అది, చేతుల చివర నగిషీ, కూర్చున్న మనిషి తల కంటే ఎత్తుగా లేచిన వీపు. గదిలో ప్రెసిడెంటు లేకపోయినా జనం దాని ముందు చెప్పులు విడిచి నిలబడడం నేను చూశాను. చూసి నవ్వుకున్నాను కూడా, ఏదో ఆ కుర్చీ నాదే అన్నట్టు.

నేను చేరిన కొత్తలో ఆ ప్రెసిడెంటును ఎన్నుకొనేది సర్పంచులు. ఎన్నిక దగ్గర పడగానే వాళ్ళు ఒక్కసారిగా ఊళ్ళలోంచి మాయమయ్యేవారు. ఎదుటి పక్షం వాళ్ళు లాక్కుపోకుండా అందరినీ బస్సెక్కించి అహోబిలం తీసుకుపోయి, కొండ కింద ఒక సత్రంలో పెట్టి, వేళకు భోజనాలు పెట్టి, ఓటు రోజున తిరిగి తెచ్చేవారు. ఆ బస్సు కండక్టరు మా బావే, అంటే మా అక్క భర్త. అందువల్ల ఈ సంగతులన్నీ మా ఇంట్లో అన్నం దగ్గర కథల్లా నడిచేవి. మా ఓటు యాడుందని మా అక్క అడిగితే, అహోబిలం సత్రంలో పప్పన్నం తింటాందని మా బావ జవాబు చెప్పేవాడు.

మా బావ గురించి కొంచెం చెప్పాలి. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ మీదుగా నల్లమల అంచు పల్లెల దాకా తిరిగే ప్రైవేటు బస్సులో ఆయన చాలా ఏళ్ళు కండక్టరు. నంద్యాల నుంచి మందులు తెచ్చేది ఆయనే, పట్నంలో చదివే పిల్లలకు కారియర్లు అందించేది ఆయనే, పురిటి నొప్పుల మనిషిని ఎక్కించుకుంటే దారిలో ఎక్కడా ఆపవద్దని డ్రైవరును అరిచేది ఆయనే. కూర్చొని మాట్లాడడం ఆయనకు చేతకాదు. మా ఇంటికి వచ్చినా కిటికీ కమ్మీ పట్టుకొని నిలబడే కాఫీ తాగేవాడు. ముందుకు జరగమనడం నోటికి ఎంత అలవాటంటే, ఆదివారం చర్చిలో ప్రార్థన వరసల్లో కూడా అలాగే అనేవాడని మా అక్క ఎగతాళి చేసేది.

ఎనభైల్లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. మా సమితి మూడు ముక్కలైంది. వాటిలో అన్నిటికంటే చిన్నది మా అక్క వాళ్ళ ఊరున్న మండలం. మండలానికి ప్రెసిడెంటును జనమే నేరుగా ఓటేసి ఎన్నుకోవాలన్నారు. మా బావ నిలబడ్డాడు. కండక్టరు ప్రెసిడెంటు ఎట్లవుతాడని ఊరి పెద్దలు నవ్వారు, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. సర్పంచుల లెక్కలో మా బావకు ఒక్క ఓటు కూడా రాదు కానీ, ఇంటింటి లెక్క వేరే అని మా ఎవరికీ తోచలేదు. ఆయన పెద్దగా తిరగలేదు కూడా. రోజూ తిరిగే దారిలోనే బస్సు ఆగిన చోటల్లా దిగి, ఓటు సంగతి చెప్పి, మళ్ళీ ఈల వేసి ఎక్కేవాడు. గెలిచాడు. మా అక్క ఆ రోజు వేలి సిరా గుర్తును ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చూపించింది. మాకు ఓటేమీ కొత్త కాదు. అయినా, నేను ముద్రేసిన మనిషి సాయంత్రానికి అన్నానికొస్తాడు, ఎట్ల జేసినావని ఇంట్లోనే అడగొచ్చు అని ఆమె సంబరం. నాకు లోపల ఏదో గుచ్చుకుంది. బస్సులో సీటు ఉంచమని నేను అడిగే మనిషి, ఇక నేను లేచి నిలబడవలసిన మనిషి అయ్యాడు.

అప్పుడు వచ్చింది పంపకం. సమితి సామాను మూడు మండలాలకు పంచాలి. జీపు, కాగితాలకు నకళ్ళు తీసే చక్రముద్ర యంత్రం, టైపు మిషను, బీరువాలు, సినిమా చూపించే పెట్టె, ప్రెసిడెంటు కుర్చీ, ఇంకా చిల్లర మల్లర. మా ఆఫీసరు పెద్ద కుటుంబంలోంచి వచ్చినవాడు. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నట్టే పంచుదామన్నాడు. మన ఇళ్ళలో పద్ధతి మీకు తెలిసిందే, పెద్దవాడు భాగాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకుంటాడు, అప్పుడు వేసేవాడు చేతివాటం చూపలేడు. మూడు కుప్పలు వేసే పని నాకు అప్పగించి, అన్నిటికంటే చిన్న మండలం ముందు కోరుకోవాలని చెప్పాడు. నేను పాత ఆఫీసులోనే, పెద్ద మండలంలోనే మిగిలిపోయే మనిషిని. జీపు మాకు మిగలాలని నా ఆశ.

అందుకని కుప్పలు వెయ్యడంలో నా తెలివంతా వాడాను. జీపును ఒక కుప్పలో ఒంటరిగా పెట్టాను. టైర్లు అరిగాయనీ, డీజిలు ఖర్చు ఎవరు భరిస్తారనీ అందరి చెవినా వేశాను. రెండో కుప్పలో యంత్రాలు, మూడో కుప్పలో కుర్చీ, బీరువాలు. ఇక బోరింగుల పానాల పెట్టె ఉంది. పానాలు, గొలుసు, పైపులు పైకి లాగే కప్పీ, తోలు వాషర్లు, అన్నీ ఆ ఇనప పెట్టెలోనే. అది ఎప్పుడూ జీపు వెనకే పడి ఉండేది. సమితి మొత్తానికి ఉన్న పెట్టె అదొక్కటే, ఉన్న బోరింగు మేస్త్రీ కూడా ఒక్కడే. దాన్ని వేరే రాయకుండా, జీపు ఒకటి దాని సామానుతో అని రాసి ఊరుకున్నాను.

ముందు రోజు మా బావ వచ్చి కిటికీ పట్టుకొని నిలబడ్డాడు.

"ఏం బామ్మర్దీ, నువ్వు ఈడ ఇన్నేండ్లు పనిజేసిండావు. యాది కోరుకుంటే మా జనానికి మేలో చెప్పు."

"నేను చెప్పకూడదు బావా. రూలు ఒప్పుకోదు. నీ ఇష్టం."

ఆయన తల ఊపి, అయితే జనాన్నే అడుగుతానని వెళ్ళిపోయాడు. నిజంగానే అడిగాడు, ప్రెసిడెంటైనా కండక్టరు పని మానలేదు కదా. అటు పోయే బస్సులో, ఇటు వచ్చే బస్సులో, మనకేం కావాలప్పా అని ఎక్కిన ప్రతి ఒక్కరినీ అడిగాడట. అందరూ ఒకటే చెప్పారు. కుర్చీ. ఎన్నో ఏళ్ళు దాని ముందు నిలబడిన జనం, అధికారం మా ఊరికి వచ్చిందంటే ఆ కుర్చీ మా ఊరికి రావాలి కదా అనుకున్నారు. మరునాడు మా బావ జీపు వైపు చూడనైనా చూడకుండా కుర్చీ కుప్పను కోరుకున్నాడు. రెండో మండలం వారు యంత్రాలు తీసుకున్నారు. జీపు మాకు మిగిలింది. మా ఆఫీసులో ఆ పూట అందరికీ నేను టీ పోయించాను.

కుర్చీ ప్రయాణం చూడడానికి నేనూ బస్టాండుకు వెళ్ళాను. బస్సు టాపు మీద తలదిండులాగా గడ్డి మోపు వేసి, దాని మీద కుర్చీని నిలబెట్టి, మా బావే ఎక్కి తాళ్ళు బిగించాడు. కింద నుంచి ఒక ముసలాయన కేక వేశాడు.

"ఏమప్పా, కుర్చీకి టికెట్టు కొట్టినావా లేదా?"

"ఆఫు టికెట్టు సాలు తాతా, దాంట్లో ఇంగా ఎవురూ కూచ్చోలేదు!"

దారి పొడుగునా పల్లెల్లో జనం రోడ్డు మీదికి వచ్చి చూశారట. మా అక్క ఊళ్ళో హారతి ఇచ్చినంత పని చేశారట. రెండు గదుల అద్దె ఇల్లు వాళ్ళ మండలాఫీసు. కుర్చీ పెడితే ఒక గది నిండిపోయింది. మా బావ దాంట్లో ఎన్నడూ కూర్చోలేదని తర్వాత విన్నాను. పక్కనే నిలబడి, కిటికీ కమ్మీ పట్టుకొని, వచ్చిన వాళ్ళతో మాట్లాడేవాడట.

ఎండాకాలం వచ్చింది. కేసీ కాలువ ఎండిపోయింది. మా అక్క వాళ్ళ ఊళ్ళో చర్చి పక్కనున్న బోరింగు ఒక్కటే మంచినీళ్ళకు దిక్కు, అది కూడా ఒక రోజు కొట్టగా కొట్టగా గాలి పీల్చి ఆగిపోయింది. లోపల వాషరు తెగింది, అంతే. పైపులు పైకి లాగి కొత్త వాషరు వేస్తే పూటలో అయ్యే పని. కానీ లాగడానికి కప్పీ లేదు, విప్పడానికి పానాలు లేవు. ఆడవాళ్ళు వాగులో చెలమలు తోడుకొని బిందెలు మోస్తున్నారు. అప్పుడు తెలిసింది వాళ్ళకు, కుర్చీ వచ్చింది గానీ పెట్టె రాలేదని.

మా బావ పెట్టె కోసం వచ్చాడు. అది జీపుతో పాటు మా మండలానిది, బయటికి ఇవ్వాలంటే కాగితం పెట్టాలి, కొత్త పెట్టె కావాలంటే కర్నూలుకు రాయాలి అన్నాను. ఆయన రాయించి ఇచ్చాడు. కర్నూలు నుంచి జవాబు రాలేదు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే చెప్పాను. ఆయన ముఖంలో కోపం లేదు, అదే నన్ను ఇప్పటికీ వదలదు. బస్సులో చిల్లర లేదని చెప్పినవాణ్ణి చూసినట్టు, ఉంది గానీ తియ్యడు అన్నట్టు చూశాడు. ఊళ్ళో మాత్రం జనం ఆయన్నే నిలదీశారు. మేమేసిన ఓటు నీకేగదా, నీళ్ళు నువ్వే తేవాల అని.

మూడోసారి ఆయన ఆఫీసులోకి రాలేదు. మా అక్క వచ్చింది. ఊరి ఆడవాళ్ళను వెంటబెట్టుకొని, ఖాళీ బిందెలతో, అదే బస్సులో. బస్సు టాపు మీద కుర్చీ. దాన్ని దింపి మోసుకొచ్చి మా ఆఫీసు ఆవరణలో సరిగ్గా జీపు ముందర వేసి, మా అక్క అందులో కూర్చుంది. అప్పుడే జీపు బయలుదేరబోతోంది. డ్రైవరు హారను కొట్టాడు. ఆమె కదల్లేదు. నేను పరుగున వెళ్ళాను.

"అక్కా, లెయ్యి. ఇది ఆఫీసు. అందరూ సూస్తాండారు."

"సూడనీ. నువ్వు పంచిన కుర్చీనే గదరా ఇది. మా వంతుకొచ్చిండేది. మా కుర్చీలో మేం కూచ్చుంటే నీకేంది నొప్పి?"

"పెట్టె కావాలంటే కర్నూలు నుంచి కాగితం రావాల."

"కాగితం పిండితే నీళ్ళొస్తాయేమిరా? వస్తే సెప్పు, బిందె పడతా."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మా గుమాస్తాలు కూడా తలలు తిప్పుకొని నవ్వారు. గొడవకు మా ఆఫీసరు బయటికి వచ్చాడు. ఆమె ఎవరని అడిగితే, మా అక్క అని చెప్పకుండా నేను జీపు డ్రైవరు వైపు తిరిగాను. ఆమే చెప్పింది. ఆయన అంతా విని, జీపు వెనక తొంగి చూసి, నా వైపు తిరిగి ఒకే మాట అడిగాడు.

"బోరింగు పానాలు జీపు సామాను ఎప్పటినుంచి అయినాయప్పా?"

ఆయన కోప్పడలేదు. పెట్టె మూడు మండలాలకూ ఉమ్మడి అనీ, మన ప్రెసిడెంటుతో తాను మాట్లాడుకుంటాననీ, ఇప్పుడు మొదట వాళ్ళ ఊరికే పోవాలనీ చెప్పి, పెట్టెతో పాటు నన్ను కూడా పొమ్మన్నాడు.

ఆ బస్సులో మేస్త్రీ సాయిబు పక్కన పెట్టె ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకొని కూర్చున్నాను. మా బావ టికెట్టు ఇయ్యకుండా ఒకసారి, ముందుకు జరగమని ఒకసారి నన్ను దాటి పోయాడు. ఊళ్ళో మేస్త్రీతో పాటు నేనూ గొలుసు లాగాను. పైపులు ఒక్కొక్కటే పైకి వచ్చాయి, చివరికి చిరిగిన తోలు ముక్క బయటపడింది, అరచేతిలో ఇమిడేటంత. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఇన్నేళ్ళు ఆఫీసులో కూర్చొని అధికారం ఎక్కడుంటుందో నాకు తెలుసుననుకున్నాను గానీ, వాషరు ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. పొద్దు వాలే వేళకు నీళ్ళు పడ్డాయి. మొదట బురదగా, తర్వాత తేటగా.

కుర్చీని మళ్ళీ ఆ అద్దె గదిలోకి ఎవరూ మొయ్యలేదు. చర్చి గోడ నీడలో, బోరింగు పక్కనే వేశారు. బిందె వంతు కోసం కాచుకొనే ముసలివాళ్ళూ, చూలింతలూ అందులో కూర్చునేవారు. ఆ సాయంత్రం మా అక్క నన్ను చూసి, అలిసిపోయినావు, కూచ్చోరా అంది. నేను కూర్చోలేకపోయాను. మా బావకు క్షమించమని చెప్పడానికి కూడా చాలా ఏళ్ళు తీసుకున్నాను. చెప్పిన రోజు ఆయన కిటికీ దగ్గర నిలబడి, యాదిరా అది, పాత టికెట్టు గదా, పారెయ్యి అన్నాడు.

ఆయన పోయి చాలా కాలమైంది. కుర్చీ వానకు నాని, ఎండకు పగిలి, ఒక చలికాలం ఎవరి ఇంటి పొయ్యిలోకో పోయిందట. బోరింగుల స్థానంలో కుళాయిలు వచ్చాయి. నీళ్ళు రాకపోతే ఫోనులో ఫిర్యాదు చెయ్యవచ్చు, నంబరు కూడా ఇస్తారు. చట్టం కూడా మారింది. మండలానికి ప్రెసిడెంటును జనం నేరుగా ఎన్నుకొనే పద్ధతి పోయి, ఊళ్ళ నుంచి గెలిచిన సభ్యులే కూడి ఎన్నుకొనే పద్ధతి వచ్చింది. ఏది మేలో టీ బంకు దగ్గర మిత్రులకు నేను ఇప్పటికీ చెప్పలేను. ఎవరి చేతికి అధికారం దించుతారని వాళ్ళు అడుగుతారు, ఆ పెట్టె ఏ కుప్పలో ఉంటుందని, కుప్పలు వేసేవాడు ఎలాంటివాడని నేను అనుకుంటాను.

కిందటి స్థానిక ఎన్నికలప్పుడు మా అక్కను ఆటోలో బడి దగ్గరికి తీసుకుపోయాను. చూపు తగ్గింది, నడుము వంగింది, కొత్త సంగతులు గుర్తుండవు, ఓటు మాత్రం మానదు. లోపలికి పోయిన మనిషి ఎంతసేపటికీ రాలేదు. వెళ్ళి చూస్తే, బల్ల దగ్గర నిలబడి ఇంకొక కాగితం కోసం చెయ్యి చాచి ఉంది. మండల ప్రెసిడెంటుకు ఓటేసే కాగితం ఇయ్యలేదని ఆమె ఫిర్యాదు. అటువంటిది లేదవ్వా అని అక్కడి పిల్ల ఉద్యోగి ఓపికగా చెబుతోంది. చెయ్యి పట్టుకొని బయటికి తెచ్చి, ఇప్పుడు సభ్యులే కూడి ఎన్నుకుంటారని వివరంగా చెప్పాను. ఆమె నా భుజం మీద బరువు మోపి, సిరా గుర్తు ఆరని వేలిని కళ్ళకు దగ్గరగా పెట్టి చూసుకుంటూ కాసేపు నడిచింది. తర్వాత ఆగి అడిగింది.

"అయితే మన ఓటు మల్ల అహోబిలం సత్రానికే పోయిండాదేమిరా?"