మొగిలి ఘాట్‌లో పదిహేను మేకలు

చిత్తూరులో మా పులిమేకల ఆట సంఘానికి గుణశేఖర్ అంత మంచి ఆటగాడు లేడు, అంత ఘోరమైన సభ్యుడూ లేడు. నెలకో ఆదివారం కలుస్తాం. ఏడాదికి ఏడుసార్లు అతను రాడు. పలమనేరు నుంచి టమాటా వ్యాను తోలే మనిషి. టమాటాకు ఆదివారం ఉండదు కదక్కా అంటాడు. నాకు ఒళ్లు మండుతుంది. కుట్టాల్సిన జాకెట్లన్నీ మిషను మీదే వదిలేసి నేను రావడం లేదా?

ఆట తెలియనివాళ్లకు చెబుతాను. సుద్దతో గీసిన గీతల మీద మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే ఆ మేక పోయినట్టే. ఐదు పోతే పులిది గెలుపు. పులులు కదలకుండా చుట్టుముడితే మేకలది. గుణశేఖర్‌కు ఎప్పుడూ మేకలే ఇష్టం. ఐరాల దగ్గర పల్లెలో మేకలు కాస్తూ వాళ్లమ్మ తిరుమలమ్మ బండ మీద గులకరాళ్లతో నేర్పించిందట.

ఈ ఏడు అతను మొదటిసారి ఫైనలుకు వచ్చాడు. ఎదురు నేను, పంకజాక్షి. మూడేళ్లుగా ఫైనల్లో ఓడుతున్నదాన్ని. గెలిచినవాళ్లకు ఇత్తడి చెంబు ఇస్తాం. ఆ చెంబు అమ్మ చేతిలో పెట్టాలని గుణశేఖర్‌కు ఒకటే ఆశ. అందుకే ఆమెను మొదటి బస్సుకే రమ్మన్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. కొడుకు మాత్రం లేడు.

పదిన్నరకు ఫోను చేశాడు. మొగిలి ఘాట్‌లో లారీ అడ్డంగా పడిందని, వెనకా ముందూ బండ్లేనని, ఇప్పట్లో కదిలేటట్టు లేదని. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. పదకొండు దాటితే రానివాళ్లు ఓడినట్టని మా నియమం. టైము కాగానే అధ్యక్షుడు మునిరామయ్య చెంబు తుడిచి నా ముందు పెట్టాడు. తిరుమలమ్మ సంచి చంకన పెట్టుకుని, ఐరాల బస్సు ఎన్నింటికని అడిగింది.

ఆ అడగడం చూసి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఆడకుండా గెలిచేదానికి నేనేం ఏకగ్రీవం సర్పంచినా? ఆ చెంబు కార్లో పెట్టన్నా. గిరీ, పోదాం పా," అన్నాను. గిరి మా సభ్యుడే, టాక్సీ నడుపుతాడు.

కారు ఘాట్ కిందే ఆగిపోయింది. మిగతాది నడకే. తిరుమలమ్మ నాకంటే ముందు నడిచింది. మమ్మల్ని చూసి గుణశేఖర్ నోరు తెరిచినవాడు చాలాసేపు మూయలేదు. రోడ్డు పక్క వెడల్పాటి పిట్టగోడ మీద గీతలు గీశాం. పులులకు మూడు కంకరరాళ్లు. మేకలకు వ్యానులో సరుకు ఉండనే ఉంది, పదిహేను టమాటాలు. ఒకటి దొర్లి లోయలో పడితే అది పులి తిన్నట్టా కాదా అని కాసేపు రభస. చివరికి ఇంకోటి పెట్టనిచ్చాను.

ఆగిన బండ్ల డ్రైవర్లంతా చుట్టూ మూగారు. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. మొదటి మేక దొరకగానే కొంగుకు తుడిచి నమిలేశాను. రెండోది, మూడోది, నాలుగోది కూడా అంతే. గుణశేఖర్ ఎన్నడూ అంత చెడ్డగా ఆడలేదు. ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను రోడ్డు మీద పెడితే మేకలేం నిలుస్తాయి? ఇంకొక్కటి చాలు, చెంబు నాది.

సరిగ్గా అప్పుడే బండ్లు కదిలాయి. వెనక హారన్ల మోత. ఎండలో సరుకు మెత్తబడుతోంది, గుణశేఖర్ పోకతప్పదు. ఓడినట్టు రాసుకోమని లేచాడు. తిరుమలమ్మ అతన్ని వ్యాను వైపు తోసింది.

"నువ్వు బండి తోలుకో పో నాయనా. మేకల్ని నేను సూసుకుంటా."

ముసలామె, మిగిలింది పదకొండు మేకలు, అవీ చెల్లాచెదురు. సరే ఆడు పెద్దమ్మా అన్నాను దర్జాగా. నా అంత తెలివితక్కువది ఆ ఘాట్‌లో ఇంకొకరు లేరు.

ఆమె తొందరపడలేదు. మేకపిల్లను గడ్డం పట్టి మళ్లించినట్టు ఒక్కో టమాటానూ జరిపింది. నా పులి ఒకటి మూలకు పోయింది. రెండోది దాని పక్కనే ఇరుక్కుంది. మూడోది ఎటు దూకుదామన్నా మేక వెనక ఇంకో మేక. ఇరవై ఎత్తుల్లో మూడు పులులూ కదల్లేక కూర్చున్నాయి. నాలుగోసారి ఓడినందుకు నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది.

"ఇంత ఆట పెట్టుకోని ఇన్నాళ్లూ యాడుండావు పెద్దమ్మా?" అన్నాను.

"పిలిసినోళ్లెవురు తల్లీ," అంది, టమాటాలు కొంగులోకి ఏరుకుంటూ. "మావాడు సూసేదానికి రమ్మన్నాడు. ఆడేదానికి ఎవురూ రమ్మనలేదు."

రానివాళ్ల మీద అంతకాలం అరిచిన నేను, మిగిలిన టమాటాలు ఏరి ఆమె కొంగులో వేశాను. చెంబు ఆమెకిచ్చాం. చిత్తూరు మార్కెట్లో లోడు దించుతున్న కొడుకు చేతిలో ఆమే దాన్ని పెట్టింది. ఆ సాయంత్రమే సభ్యుల పుస్తకంలో ఆమె పేరు నేను రాశాను.

తర్వాతి నెల కూడా గుణశేఖర్ రాలేదు. తిరుమలమ్మ మొదటి బస్సుకే దిగింది.