చివరి పదహారు పేజీలు

పుస్తకాలు కుట్టేవాడు లోపలి సరుకు జోలికి పోకూడదంటారు. మన బైండరుకి ఆ జబ్బే ఉంది. చదవనిదే ఆయన సూదిలోకి దారం ఎక్కదు.

పెళ్ళయిన కొత్తలో అద్దె పుస్తకాల కొట్టు నుంచి ఓ డిటెక్టివ్ నవల కుట్టుకి వచ్చింది. హంతకుడెవరో తీరిగ్గా చదువుకుందామని చివరి భాగం చదవకుండా అట్టేపెట్టి, పుస్తకం వెన్నుకి పిండిబంక రాసి అత్తారింటికి వెళ్ళాడు. వచ్చేసరికి ఎలుకలు బంకతో పాటు చివరి పదహారు పేజీలూ ఫలహారం చేసేశాయి. కొట్టాయనకి ఏ మొహం చూపిస్తాడు? తనే ముగింపు రాసి, పక్క ప్రెస్సులో అచ్చేయించి, కలిపి కుట్టేశాడు. ఆ వారమే పళ్ళ డాక్టరు ఆయన నొప్పి పన్ను వదిలేసి పక్కదాన్ని పీకాడు. అందుకని నవల్లోని డాక్టరు హంతకుడయ్యాడు.

ఇరవై ఏళ్ళు వీధంతా ఆ ప్రతినే చదివింది. కొట్టు మూసేశాక దాన్ని బైండరు వదిన తెచ్చుకుని ఏటా పారాయణ చేస్తోంది.

ఇప్పుడా నవల టీవీలో సీరియల్‌గా వచ్చింది. మొదటి వారమే వదిన మెట్ల మీద నిలబడి, "చూడక్కర్లేదర్రా, డాక్టరే!" అని మూడంతస్తులకీ చాటేసింది. బైండరు పరిస్థితి దొంగకి తేలు కుట్టినట్టయింది. అసలు హంతకుడెవరో ఆయనకీ తెలియదు మరి!

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి భాగం. ఇరుగమ్మలూ పొరుగమ్మలూ వదిన హాల్లోనే చేరారు. బైండరూ ఓ మూల కూర్చున్నాడు. తెర మీద డిటెక్టివ్ గొంతు సవరించుకుని వంటమనిషి వైపు వేలు చూపించాడు.

"డాక్టరన్నారుగా పిన్నిగారూ?" అని ఎవరో కిసుక్కుమన్నారు.

వదిన మొహం కందగడ్డయింది. "వీళ్ళ బొంద! బంగారంలాంటి కథని తగలేశారు. ఏమయ్యా మరిదీ, రేపు పుస్తకం పట్టుకుని ఆ టీవీ వాళ్ళ ఆఫీసుకి పోదాం పద. అందరి ముందూ చదివి కడిగేస్తాను."

ఇక్కడ నవ్వింది నలుగురే. అక్కడ వదిన పరువు నిలువునా పోతుంది. బైండరు లేచి వదిన దగ్గరికొచ్చాడు.

"వదినా... ఆ చివరి పేజీలు నేను రాసినవి." ఎలుకల సంగతి, పన్ను సంగతి కూడా కక్కేశాడు.

వదిన కళ్ళజోడు తీసి ఎగాదిగా చూసింది.

"నువ్వా? మరి డాక్టరు జైలుకి పోయాక పాపం అతని పెళ్ళాం ఏమైంది? ఇంట్లో రెండు కుక్కలున్నాయే, వాటికి తిండెవరు పెట్టారు? ముప్పై ఏళ్ళుగా కొట్టుకుంటోంది నా ప్రాణం!"

"పదహారు పేజీల్లో పట్టలేదు వదినా."

"కావలసినన్ని కాగితాలు నేనిస్తా," అంటూ వదిన లేచి టీవీ కట్టేసింది. "కూర్చో. ముందు కుక్కల సంగతి తేల్చు."