టోపీ పగల్లేదు

ఇవాళ మధ్యాహ్నం పత్రికాఫీసులో పెరుగు డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. పెరుగంతా ముక్కలై నీళ్లు తేలింది. పొద్దున దారిలో స్కూటర్ గుంతలో పడి పక్కకు తిరిగింది, అంతే. డబ్బాకు సొట్ట కూడా లేదు. చెంచా పట్టుకున్నాను కానీ తినబుద్ధి కాలేదు. నస్రీన్ డాక్టరమ్మ పుణ్యమా అని, పెరుగును పెరుగులా చూడటం నా వల్ల కాదు.

తొంభయ్యో దశకం మొదట్లో నేను గోదావరిఖని నుంచి దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. ఆమె అక్కడి దవాఖానలో సర్జన్. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వార్డులో గనుల తెలుగు మాట్లాడేది. కోపం మాత్రం రెండింటిలోనూ సమానమే. గని ప్రమాదం వార్త అచ్చయిన ప్రతిసారీ ఫోన్ మోగేది.

"ఏందయ్యా గిది? 'తలకు దెబ్బ' అని రాసినవ్. ఏం దెబ్బ? పైనుంచి పడ్డదా, పక్కనుంచి కొట్టిందా? తల ఆగిందా, తిరిగిందా?"

"మేడం, నాకిచ్చేదే నాలుగు లైన్లు."

"అండ్ల రెండు టోపీ పగల్లేదనే రాసినవ్ గదా!"

చదువుకునే రోజుల్లో ఆమె ప్రయోగశాలలో జంతువుల తల దెబ్బల మీద పనిచేసింది. ఒకసారి నా చాయ్ చల్లారిపోయేదాకా అదే చెప్పింది. తలను బిగించి పెట్టి బరువు వేస్తే, పడ్డ చోటే మెదడు కమిలేదట. తలను వదులుగా ఉంచి ఒక్క ఊపున తిప్పితే పైన గీత కూడా ఉండేది కాదట. లోపల మాత్రం నరాల పోగులు సాగి అక్కడక్కడా తెగేవి, పుర్రె కింది సన్నటి సిరలు చిట్లేవి. దెబ్బ ఎంత బలమైనదో తెలిస్తే సరిపోదు, ఎటునుంచి, ఎంత తొందరగా వచ్చిందో కూడా తెలియాలి అనేది. ఇది నాలుగు లైన్లలో ఎలా ఇమిడేదో ఆమెకే తెలియాలి.

గనిలో ఒక అలవాటుండేది. దెబ్బ తగిలితే మనిషి కంటే ముందు తలమీది హెల్మెట్టు టోపీని చూసేవారు. అది చేతులు మారేది, వేలితో గోకి చూసేవారు. పగల్లేదంటే మనిషికేమీ కానట్టే. ఒకరోజు నేను దవాఖానలో ఉండగానే కొమురయ్య అనే కార్మికుణ్ని తీసుకొచ్చారు. బొగ్గు టబ్బు బండ్లను లాగే ఇనుప తాడు ఎగిరి అతని టోపీ అంచుకు తగిలింది. మనిషి బొంగరంలా తిరిగి కూలబడ్డాడు. లేచి నడుచుకుంటూ వచ్చాడు. వెంట భార్య పోశవ్వ, ఆమె తమ్ముడు మొండయ్య. మొండయ్య టోపీని డాక్టరమ్మ బల్ల మీద సాక్ష్యంలా పెట్టాడు.

"సూడుండ్రి డాక్టరమ్మా, గీత వడలే. నెత్తురు సుక్క రాలే. బావను ఇంటికి తోలుకవోత."

"ఇంటికాడ యాటకూర ఉడుకుతాంది. మీ బ్రెడ్డు నేను తిన," అన్నాడు కొమురయ్య నవ్వుతూ.

తల నొస్తోందా అని ఆమె అడిగితే "జరంత" అన్నాడు. ఆమె తన అన్నం సంచిలోంచి పెరుగు డబ్బా తీసి, గడ్డగా ఉన్న పెరుగును అందరికీ చూపించి మూత బిగించింది. టోపీలో పెట్టి చుట్టూ తువ్వాలు కుక్కింది. టోపీని రెండు చేతులా పట్టుకుని కసితీరా ఇటూ అటూ విదిలించి తిప్పింది. మూత తీస్తే పెరుగు నడిమధ్యదాకా చీలి, అంచులు విడిపోయి, నీళ్లు ఊరుతున్నాయి.

"టోపీ పగిలిందా మొండన్నా?"

"లేదు."

"డబ్బాకు సొట్ట వడ్డదా?"

"లేదు గని... మీ పెరుగు పాడయె గదమ్మా."

"యా అల్లా! వీనికి నా పెరుగు ఫికర్!"

పోశవ్వ మాత్రం ఆ డబ్బాలోకి చాలాసేపు చూసింది. "ఉండనీయి తమ్మీ," అంది చివరకు, "కూర రేపు సుత తినొచ్చు."

పొద్దు వాలకముందే కొమురయ్య మాట ముద్దగా అయింది, వాంతి చేసుకున్నాడు. డాక్టరమ్మ అప్పటికే బండి సిద్ధం చేయించి ఉంచింది. హైదరాబాద్‌లో పుర్రెకు రంధ్రం చేసి పేరుకున్న నెత్తురు తీశారు. బతికాడు. గనిపైన తేలిక పనిలో చేరాడు. కొన్నాళ్లకు బజారులో కనిపించి, "అంత టోపీ మహిమ సారూ, గట్టి టోపీ," అన్నాడు. ఆ మాట డాక్టరమ్మకు చెబితే నుదురు పట్టుకుంది. "బతికిండు గద, గట్లనే అననీ," అని, నేను గుమ్మం దాటేలోపే వెనక్కి పిలిచింది. "అననీయొద్దు! రాయి నీ పేపర్ల!"

రాశాను. డెస్కువాళ్లు పెట్టిన శీర్షిక: ప్రాణం కాపాడిన టోపీ. ఆ రోజు నేను ఫోన్ ఎత్తలేదు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ ప్రశ్నలు నాకు అంటించి పోయింది. ఇందాక డబ్బా ముందు కూర్చుని ఉండగానే మా మంచిర్యాల విలేకరి ఫోన్ చేశాడు. ఆటో బోల్తా పడిందట, ఒకాయన తలకు స్వల్ప గాయం.

"స్వల్పమని ఎవరన్నారు? తల ఎటు తిరిగింది?"

"నెత్తురు రాలేదు సార్. ఇంటికి తీసుకెళ్తున్నారు."

"వార్త తర్వాత. ముందు వాళ్లను ఆపు."

"ఏమని ఆపాలి సార్? మనిషి మంచిగానే నవ్వుతున్నాడు."

విరిగిన పెరుగు వైపు చూశాను.

"దగ్గర్లో హోటల్ ఉందా?" అన్నాను. "ఉంటే, ఒక డబ్బాలో గడ్డపెరుగు తీసుకో."